ఒకే ఇంటి డాబా మీద భూమి మూడు క్షేత్రాలు: కొలతల డైరీ

హైదరాబాదు శివారులోని మా ఇంటి దగ్గర భూమి గురుత్వ క్షేత్రాన్నీ, అయస్కాంత క్షేత్రాన్నీ, వాన మబ్బులు లేని రోజున కూడా గాలిలో ఉండే విద్యుత్ క్షేత్రాన్నీ సొంతంగా తయారుచేసుకున్న పరికరాలతో కొలవాలన్నది ఈ పని. ఇంటర్మీడియట్ పాఠాల్లో ఈ మూడూ మూడు వేర్వేరు అధ్యాయాలుగా వస్తాయి. విద్యార్థులు సూత్రాలను నేర్చుకుంటారు, లెక్కలు చేస్తారు, కానీ తాము కూర్చున్న బల్ల దగ్గరే ఆ మూడు క్షేత్రాలూ ఒకేసారి ఉన్నాయన్న సంగతి చాలామందికి తట్టదు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు ఈ పనిలో నాకు తోడుగా ఉంది.

కొలత మొదలుపెట్టక ముందే రావలసిన విలువలను కాగితం మీద రాసిపెట్టుకున్నాము. హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు సుమారు 540 మీటర్లు. ఈ రెండింటిని బట్టి గురుత్వ క్షేత్ర తీవ్రత కిలోగ్రాముకు 9.78 న్యూటన్ల దగ్గర ఉండాలి. అయస్కాంత క్షేత్రం క్షితిజ సమాంతర అంశం సుమారు 40 మైక్రోటెస్లాలు. నిర్మలమైన ఆకాశం కింద, చదునైన నేల మీద విద్యుత్ క్షేత్రం మీటరుకు సుమారు 100 వోల్టులు, దాని దిశ కిందికి. ఈ మూడో సంఖ్యను చూసినప్పుడు పని సులువని అనిపించడం సహజం. ఒక ఎలక్ట్రాన్ మీద ఈ విద్యుత్ క్షేత్రం కలిగించే బలం, భూమి గురుత్వం కలిగించే బలానికి దాదాపు 1.8 లక్షల కోట్ల రెట్లు. పైగా అది ఎలక్ట్రాన్‌ను పైకి నెడుతుంది. ఇంత బలమైనదాన్ని పట్టుకోవడం ఏమంత కష్టమని ఎవరికైనా అనిపిస్తుంది. పని పూర్తయ్యేసరికి తేలింది మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం: అన్నింటికన్నా బలహీనమైన గురుత్వం అన్నింటికన్నా తేలికగా చిక్కింది, విద్యుత్ క్షేత్రం చివరిదాకా సతాయించింది.

నవంబరు: లోలకం

గురుత్వానికి లోలకం కన్నా మంచి పరికరం ఇంట్లో దొరకదు. తాపీ మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే ఇత్తడి గుండును సన్నని గిటారు తీగకు కట్టి, తీగ పై కొసను రెండు చెక్క ముక్కల మధ్య గట్టిగా బిగించి, గోడకు దిగగొట్టిన ఇనుప బ్రాకెట్టు నుంచి వేలాడదీశాము. నైలాన్ దారాన్ని వాడకపోవడానికి కారణం ఉంది. అది బరువుకు నెమ్మదిగా సాగుతూ పోతుంది కాబట్టి, ఉదయం కొలిచిన పొడవు సాయంత్రానికి నిలవదు.

మేస్త్రీ గుండు గోళం కాదు, కింద మొన తేలిన ఆకారం. దాని ద్రవ్యరాశి కేంద్రం ఎక్కడుందో కచ్చితంగా చెప్పడం కష్టం. అందుకని ఒకే పొడవుతో కొలవకుండా, అదే గుండును రెండు వేర్వేరు పొడవుల వద్ద ఊపి, పొడవుల తేడాను ఆవర్తన కాలాల (ఒక డోలనానికి పట్టే కాలాల) వర్గాల తేడాతో భాగించి 4π²తో గుణించే పద్ధతిని ఎంచుకున్నాము. గుండులో కేంద్రం ఎక్కడున్నా రెండు పొడవులకూ అదే అదనంగా చేరుతుంది కాబట్టి తీసివేతలో అది పోతుంది. తేడా 60 సెంటీమీటర్లు ఉండేలా చూసుకున్నాము. పెద్ద పొడవు దగ్గర 50 డోలనాలకు 100.42 సెకన్లు, చిన్న పొడవు దగ్గర 50 డోలనాలకు 63.53 సెకన్లు సగటుగా వచ్చాయి. వీటి నుంచి వచ్చిన విలువ 9.79, అటూ ఇటూ 0.02. ఊపు కోణం ఐదు డిగ్రీలు దాటకుండా జాగ్రత్తపడ్డాము. ఐదు డిగ్రీల వద్ద కూడా ఆవర్తన కాలం పదివేలలో ఐదు వంతుల మేర పెరుగుతుంది గాని, మా పొరపాటు హద్దుల ముందు అది చిన్నదే.

ఈ హద్దులను తగ్గించడానికి ఒకటే దారి, పొడవును ఇంకా బాగా కొలవడం. 60 సెంటీమీటర్లలో ఒక మిల్లీమీటరు తప్పితే ఫలితం 0.016 మారిపోతుంది. దిల్లీలో గురుత్వ తీవ్రత 9.791, ఇక్కడ సుమారు 9.783, దిల్లీలో సరిచేసిన లోలకపు గడియారాన్ని హైదరాబాదు తెచ్చి పెడితే రోజుకు 35 సెకన్ల దాకా వెనకబడుతుంది. ఆ తేడా మా లోలకానికి అందదు. 1860ల్లో సర్వే ఆఫ్ ఇండియా తరఫున కెప్టెన్ బసేవీ లోలకాలను దేశమంతటా మోసుకుపోయి ఈ తేడాలనే కొలిచాడు. 1871లో లడఖ్‌లోని మోరే మైదానంలో, పదిహేను వేల అడుగులకు పైబడిన ఎత్తులో, ఆ పనిమీదే ఉండగా చనిపోయాడు. మేము మిల్లీమీటరు దగ్గర ఆగిపోయిన చోట ఆయన ఎంత శ్రమపడి ఉంటాడో ఇప్పుడు కొంత తెలుస్తోంది.

డైరీలో గుర్తుపెట్టుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ కొలతలో చుట్టుపక్కల ఏముందన్న చింత అస్సలు లేదు. లోలకాన్ని గదిలో పెట్టినా, డాబా మీద పెట్టినా, పక్కన మనుషులు నిలబడినా, విలువ మారలేదు. ఇరవై మీటర్ల దూరంలో ఐదు వేల టన్నుల భవనం ఉందనుకున్నా అది కలిగించే గురుత్వం మొత్తంలో కోటిలో ఒక వంతుకు కూడా రాదు. గురుత్వాన్ని అడ్డగించే పదార్థం లేదు, దాన్ని చెప్పుకోదగినంతగా మార్చాలంటే ఒక కొండంత ద్రవ్యరాశి కావాలి. బలహీనతే ఇక్కడ కొలిచేవాడికి రక్ష.

డిసెంబరు మొదట్లో: తీగచుట్ట, దిక్సూచి

అయస్కాంత క్షేత్రానికి టాంజెంట్ గాల్వనామీటరును సొంతంగా చేసుకున్నాము. ఎంబ్రాయిడరీకి వాడే 20 సెంటీమీటర్ల వ్యాసం గల చెక్క చట్రం మీద, మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో తెచ్చిన ఎనామిల్ రాగి తీగను 20 చుట్లు చుట్టి, మధ్యలో చిన్న దిక్సూచిని చెక్కపీట మీద ఉంచాము. దిక్సూచి ముల్లు చిన్నదిగా ఉండటం అవసరం, ఎందుకంటే చుట్ట క్షేత్రం ఏకరీతిగా ఉండేది దాని నడిమిలోనే. చట్రాన్ని ఉత్తర దక్షిణ తలంలో నిలబెట్టి విద్యుత్ ప్రవాహాన్ని పంపితే, చుట్ట క్షేత్రం తూర్పు పడమరల దిశలో ఉంటుంది, భూమి క్షేత్రం ఉత్తరానికి లాగుతుంది. ముల్లు సరిగ్గా 45 డిగ్రీలు తిరిగినప్పుడు రెండూ సమానం. మా చుట్టకు ఒక ఆంపియరుకు క్షేత్రం 125.7 మైక్రోటెస్లాలు కాబట్టి, 45 డిగ్రీలు తిరగడానికి కావలసిన ప్రవాహాన్ని దీనితో గుణిస్తే సరిపోతుంది.

ప్రవాహాన్నిచ్చే బ్యాటరీ సెల్ పైతొడుగు ఉక్కుదే కాబట్టి దాన్ని రెండు మీటర్ల అవతల పెట్టి, చుట్టకు వచ్చే రెండు తీగలను పురి తిప్పి తెచ్చాము. పురి తిప్పితే ఎదురెదురు ప్రవాహాల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. ప్రవాహాన్ని తిరగేసి రెండు వైపులా చదివి సగటు తీసుకోవడం మన ఇంటర్ ప్రయోగశాలల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. చుట్ట తలం ఉత్తరం నుంచి కొంచెం తప్పినా ఆ దోషం ఇందులో చాలామటుకు సర్దుకుంటుంది.

డాబా మీద మొదటి కొలతలే విచిత్రంగా వచ్చాయి. శ్లాబుకు దగ్గరగా పెట్టినప్పుడు ఒక చోట 34 మైక్రోటెస్లాలు, రెండడుగుల అవతల 47. కారణం వెతకనక్కరలేదు, కాంక్రీటు లోపల అడుగడుక్కీ ఇనుప చువ్వలున్నాయి, కట్టేటప్పటి నుంచీ అవి భూమి క్షేత్రంలోనే ఉండి కొంత అయస్కాంతత్వాన్ని సంతరించుకున్నాయి. పరికరాన్ని మేకులు లేని చెక్క స్టూలు మీద ఎత్తుకు చేర్చినకొద్దీ విలువలు దగ్గరపడ్డాయి. చిన్న అయస్కాంతపు ప్రభావం దూరపు ఘనంతో తగ్గుతుంది, దూరం రెట్టింపయితే ఎనిమిదో వంతు మిగులుతుంది. చివరికి ఇంటి వెనక ఖాళీ స్థలంలో, కార్లకూ బోరు మోటారుకూ దూరంగా, 45 డిగ్రీల వద్ద ప్రవాహం 0.32 ఆంపియర్లు వచ్చింది, అంటే 40.2 మైక్రోటెస్లాలు. అవపాత కోణం, అంటే క్షేత్రం క్షితిజ సమాంతరం నుంచి కిందికి వంగే కోణం, హైదరాబాదులో 20 డిగ్రీలకు కొద్దిగా పైన ఉంటుంది కాబట్టి మొత్తం క్షేత్రం 43 మైక్రోటెస్లాల దగ్గర ఉండాలి. అదే చోట ఫోనులోని అయస్కాంత సెన్సారు కూడా 43, 44 మధ్య ఆడింది. ఫోనును దిక్సూచి దగ్గరికి తేకుండా విడిగా కొలిచామని రాయడం అవసరం, ఎందుకంటే దాని స్పీకరులోనే ఒక అయస్కాంతం ఉంది.

చుట్టుపక్కల సామాను నుంచి పరికరాన్ని దూరంగా తీసుకుపోవడం అన్న ఈ పని మా ఒక్కరి బాధ కాదు. బొంబాయిలోని కొలాబా అయస్కాంత వేధశాలను 1904లో అలీబాగ్‌కు మార్చింది కూడా నగరంలో విద్యుత్ ట్రాములు రానున్నాయనే. మన దగ్గర ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) 1960ల నుంచి అయస్కాంత వేధశాలను నడుపుతోంది. నగరం చుట్టుముట్టిన మీదట చౌటుప్పల్‌లో మరొకటి పెట్టుకుంది. అయితే అయస్కాంత క్షేత్రంలో ఒక వెసులుబాటు ఉంది: దాన్ని చెరిపేవి ఇనుము, అయస్కాంతాలు, విద్యుత్ ప్రవాహాలు మాత్రమే. మనిషి శరీరం, చెట్టు, ఇటుక గోడ దానికి లేనట్టే లెక్క. ఇనుమును దూరం పెడితే చాలు.

డిసెంబరు నడిమి నుంచి: ఫీల్డ్ మిల్

విద్యుత్ క్షేత్రం దగ్గర ఈ వెసులుబాట్లన్నీ పోతాయి. వోల్టుమీటరు ఒక తీగను గాలిలో మీటరు ఎత్తున పెట్టి, రెండో తీగను నేలకు కలిపితే 100 వోల్టులు చూపించదు, సున్నా చూపిస్తుంది. గాలి దాదాపు అవాహకం, అందులోంచి చదరపు మీటరుకు ప్రవహించే విద్యుత్తు ఆంపియరులో లక్షకోట్లో వంతు స్థాయిది, సుమారు 2 పికోఆంపియర్లు. మామూలు మీటరు తన పనికి కోరుకునే ప్రవాహం దానికి లక్షల రెట్లు. “అలాగైతే నా తలకూ కాళ్లకూ మధ్య నూటయాభై వోల్టులుంటే షాక్ ఎందుకు కొట్టదు మావయ్యా?” అని మా మేనకోడలు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మన శరీరం వాహకం, నేలతో కలిసి ఉంది. మనం నిలబడిన చోట సమపొటెన్షియల్ తలాలు (ఒకే వోల్టేజీ ఉండే తలాలు) మన తల మీదుగా వంగి పోతాయి. ఆ నూటయాభై వోల్టులు మనం లేనప్పటివి.

అందుకని ప్రవాహాన్ని కాక ప్రేరిత ఆవేశాన్ని కొలిచే పరికరం కావాలి. ఫీల్డ్ మిల్ పనితీరు ఇలా ఉంటుంది. ఆకాశం వైపు తెరిచి ఉంచిన లోహపు పలక మీద క్షేత్రానికి అనులోమంగా ఆవేశం చేరుతుంది. నేలకు కలిపిన రెక్కతో దాన్ని మూస్తే ఆ ఆవేశం వెనక్కి పోతుంది. రెక్కను తిప్పుతూ ఉంటే పలక నుంచి ఏకాంతర ప్రవాహం వస్తుంది. మా పలక వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లు. మీటరుకు 100 వోల్టుల క్షేత్రంలో దాని మీద చేరే ఆవేశం 3.5 పికోకూలుంబులు. దీన్ని 100 పికోఫారడుల కెపాసిటరులోకి పంపితే 35 మిల్లీవోల్టులు వస్తాయి, 20 రెట్లు పెంచితే 0.7 వోల్టు. ఈ లెక్క కాగితం మీద తేలినప్పుడు పని సాధ్యమేనన్న ధైర్యం వచ్చింది.

తిరిగే రెక్కలను అల్యూమినియం రేకు నుంచి నాలుగు ఆకులుగా కత్తిరించాము. కింది పలకను రాగి పూత ఉన్న బోర్డు నుంచి చేశాము. సంకేతాన్ని పెంచే సీఏ 3140 ఆప్ ఆంప్ చిప్పు, 10 మెగోముల నిరోధకాలు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరికాయి. 100 మెగోముల నిరోధకం విడిగా దొరకనందున పది నిరోధకాలను వరుసగా కలిపి, వాటిని బోర్డుకు తగలకుండా గాలిలోనే నిలబెట్టాము, ఎందుకంటే వేళ్ల చెమట అంటిన బోర్డు ఉపరితలం మీదుగానే అంతకన్నా సులువుగా ఆవేశం జారిపోతుంది. తిరిగే ఇరుసును నేలకు కలపడానికి మిక్సీ మోటారులో వాడే కార్బన్ బ్రష్ సరిగ్గా సరిపోయింది. ఈ బ్రష్ లేకపోతే రెక్కలు బేరింగులోని నూనె పొర మీద తేలుతూ తమంతట తామే ఆవేశం పోగుచేసుకుంటాయి, వచ్చే సంకేతం ఆకాశానిదో రెక్కలదో తెలియదు.

మోటారు వేగం ఎంత ఉండాలన్నది కూడా ఆలోచించి పెట్టుకోవలసిన సంగతి. నిమిషానికి 1500 చుట్లయితే నాలుగు ఆకులకు 100 హెర్ట్జులు వస్తుంది, అది ఇంటి కరెంటు 50 హెర్ట్జులకు సరిగ్గా రెట్టింపు. ఇంటి తీగల రొదంతా మన సంకేతంలోనే కలుస్తుంది. వేగాన్ని 1950కి పెంచి 130 హెర్ట్జుల వద్ద పనిచేయించాము. క్షేత్రం దిశ పైకా కిందికా అన్నది తెలియడానికి రెక్కల కింద ఒక ఐఆర్ (పరారుణ కాంతి) సెన్సారును పెట్టి, పలక ఎప్పుడు తెరుచుకుంటుందో సంకేతాన్ని చదివే ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు చెప్పే ఏర్పాటు చేశాము. ఆ సమయంతో పోల్చి సంకేతాన్ని కూడితే గుర్తు నిలుస్తుంది, రొద కొట్టుకుపోతుంది.

క్రమాంకనం, అంటే తెలిసిన క్షేత్రంతో పరికరాన్ని సరిచూసుకోవడం, మాత్రం చాలా తేలిక, పైగా ముచ్చటైనది. రెండు పెద్ద అల్యూమినియం రేకులను 10 సెంటీమీటర్ల ఎడంలో సమాంతరంగా ఉంచి, కింది రేకుకు కోసిన రంధ్రంలో మిల్లును సమంగా అమర్చి, పై రేకుకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ కలిపితే మీటరుకు 90 వోల్టుల క్షేత్రం తయారవుతుంది. భూమి క్షేత్రమంత క్షేత్రం ఒక చిన్న బ్యాటరీతో బల్ల మీద సిద్ధం! పది బ్యాటరీలను వరుసగా కలిపి 900 దాకా పోయి చూస్తే సంకేతం సరళరేఖలో పెరిగింది, ధ్రువాలు మారిస్తే గుర్తు మారింది.

ఇక డాబా మీదికి తెచ్చాక అసలు కథ మొదలైంది. శ్లాబు నడుమ మీటరుకు సుమారు 150 వోల్టులు, నీళ్ల ట్యాంకు పైన 400, పిట్టగోడ లోపలి మూలలో 20 కన్నా తక్కువ. ఇవి మూడూ ఒకే గంటలో తీసినవి, మూడూ పరికరం సరిగ్గా చెప్పినవే. ఎత్తుగా పొడుచుకొచ్చిన ప్రతి వాహకం తన కొన దగ్గర క్షేత్ర రేఖలను పోగుచేసుకుంటుంది, తన నీడలో ఉన్న చోట క్షేత్రాన్ని తగ్గిస్తుంది. నేను మిల్లు పక్కన నిలబడితే విలువ సగానికి పడిపోయింది, రెండు మీటర్లు వెనక్కి నడిస్తే మళ్లీ లేచింది. చలికి వేసుకున్న సింథటిక్ స్వెటరు విప్పినప్పుడైతే మీటరు హద్దులు దాటి పోయింది. గురుత్వానికి కొండ కావాలి, అయస్కాంతానికి ఇనుము కావాలి, దీనికి మనిషి ఉంటే చాలు.

ఇంటి వెనక ఖాళీ స్థలంలో గొయ్యి తవ్వి మిల్లు ముఖాన్ని నేలతో సమంగా పెట్టి, తీగను ఇంట్లోకి లాగి, ఎవరూ దగ్గరికి పోకుండా చదివినప్పుడు 105 నుంచి 130 మధ్య నిలకడగా వచ్చింది. డాబా విలువలను సరిచేయడానికి ఇదే మాకు కొలబద్ద: శ్లాబు నడిమి విలువను సుమారు 0.8తో గుణించాలి. ఈ గుణకం మా డాబాకే చెల్లుతుంది, మిల్లును అక్కడినుంచి అడుగు జరిపినా చెల్లదు.

భోగికి ముందూ తర్వాతా

కొలత కుదిరాక మిల్లును రాత్రింబవళ్లు నడిపి ఉంచాము. ఈ క్షేత్రాన్ని నిలబెట్టేది ప్రపంచమంతటా కురిసే ఉరుముల వానలని 1920లోనే సీ.టీ.ఆర్. విల్సన్ సూచించాడు. ఆ వానలు వాతావరణంలో చాలా ఎత్తున ఉన్న వాహక పొరను నేలతో పోలిస్తే దాదాపు రెండున్నర లక్షల వోల్టుల ధనాత్మక పొటెన్షియల్ వద్ద ఉంచుతాయి. మీటరుకు 100 వోల్టుల లెక్కన భూమి ఉపరితలం మీద మొత్తం రుణావేశం సుమారు నాలుగున్నర లక్షల కూలుంబులు. గాలిలోంచి కారిపోయే ప్రవాహాన్ని బట్టి చూస్తే, వానలు ఆగిన పక్షంలో అది నిమిషాల వ్యవధిలోనే చాలావరకు ఖాళీ అవుతుంది. కార్నెగీ అనే పరిశోధక నౌక సముద్రాల మీద తీసిన కొలతల్లో ఈ క్షేత్రం ప్రపంచమంతటా ఒకే వేళకు, మన కాలమానం ప్రకారం అర్ధరాత్రి దాటి అరగంటకు అటూ ఇటూగా, గరిష్ఠానికి చేరుతుంది. ఆ నౌక చెక్కతోనూ ఇత్తడి, రాగి వంటి లోహాలతోనూ కట్టింది, ముందుగా అయస్కాంత కొలతల కోసం. 1929లో సమోవాలోని ఆపియా రేవులో పేలుడు జరిగి కాలిపోయింది.

మా రికార్డులో ఆ అర్ధరాత్రి గరిష్ఠం కనిపించలేదు. కనిపించినవి రెండు శిఖరాలు, పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఒకటి, సాయంత్రం దీపాలు పెట్టిన తర్వాత ఒకటి. ఇవి ఊరి గాలివి. గాలి వాహకత్వం చిన్న అయాన్ల వల్ల వస్తుంది. పొగ, దుమ్ము, మంచు తుంపరలు ఆ అయాన్లను పట్టుకుని బరువెక్కిస్తే వాహకత్వం పడిపోతుంది. పైనుంచి వచ్చే ప్రవాహం దాదాపు మారదు కాబట్టి, ఓమ్ నియమం చెప్పినట్టే, క్షేత్రం పెరగక తప్పదు. భోగి తెల్లవారుజామున వీధి వీధినా మంటలు వేసినప్పుడు విలువ 300 దాటింది; ఎదురింటి మంట పొగ నేరుగా మా మీదుగా పోతున్నంతసేపు గుర్తు కూడా మారి రుణాత్మకమైంది, అది పొగ మోసుకొచ్చిన ఆవేశం. గాలి కదలి ఎండ ముదిరాక, పదకొండు గంటలకు, మళ్లీ నూటపాతిక దగ్గరికి దిగింది. భూమి క్షేత్రాన్ని కొలవబోతే వీధి గాలి నాణ్యతను కొలిచే పరికరం తయారైందన్నమాట. నా ఉద్దేశంలో ఇది నష్టం కాదు గాని, రెండింటినీ కలిపి ఒకే పేరుతో గ్రాఫు గీయడం తగదు. అందుకని ఇప్పుడు ప్రతి గంట విలువ పక్కన గాలి వేగం, పొగమంచు ఉన్నదీ లేనిదీ కూడా రాస్తున్నాము.

జనవరి చివర: ఇక మిగిలిన పని

మిల్లును మా ఊరి పొలంలో, కరెంటు స్తంభాలకు దూరంగా, ఫిబ్రవరిలో పెట్టాలన్నది తర్వాతి అడుగు. అక్కడ ఉదయపు శిఖరం ఎంత తగ్గుతుందో, అర్ధరాత్రి గరిష్ఠం పొడ చూపుతుందో లేదో చూడాలి. దీనికి బ్యాటరీతో నడిచే మోటారు వేగాన్ని స్థిరంగా ఉంచే సర్క్యూటు ఇంకా చేయవలసి ఉంది. ఇప్పుడున్నది వోల్టేజీ తగ్గినకొద్దీ 130 నుంచి 100 హెర్ట్జుల వైపే జారుతోంది.

వేసవి ఉరుముల వానలు మొదలయ్యేలోగా మరొక మార్పు అవసరం. ఉరుముల మబ్బు కింద క్షేత్రం మీటరుకు కొన్ని వేల వోల్టులకు చేరి, సాధారణంగా దిశ తిరగబడుతుంది. ఇప్పటి అమరికలో పదిహేను వందలు దాటకముందే ఆంప్లిఫయరు నిండిపోతుంది. రెండో దశ వర్ధనాన్ని (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్నదాన్ని) 20 నుంచి 1కి తగ్గించే స్విచ్చును ఇంట్లో ఉన్న పెట్టెకే బిగిస్తున్నాము, మబ్బు పట్టాక డాబా మీదికి ఎవరూ ఎక్కనవసరం లేకుండా. బయటినుంచి వచ్చే తీగకు మెరుపు రక్షణగా, వోల్టేజీ హద్దు దాటితే దాన్ని నేలకు మళ్లించే గ్యాస్ డిశ్చార్జ్ గొట్టం పెడుతున్నాము. పిడుగు దగ్గర్లో పడితే అది సర్క్యూటును కాపాడుతుందన్న భరోసా ఏమీ లేదు, ఆర్డ్యునోకూ ఇంటి కంప్యూటరుకూ మధ్య తీగ ఉండకుండా బ్లూటూత్ వాడటం మాత్రం తప్పనిసరి.

లోలకం గోడకే ఉంది. దాని కోసం వెర్నియర్ గల పొడవైన స్కేలు ఎక్కడైనా అరువు దొరికితే, మూడో దశాంశం మీద మళ్లీ కూర్చోవాలి.